ఒక మందు ఓడినప్పుడు: కీళ్లవాతంలో జోడు మందుల వైద్యం

కీళ్లనొప్పి అనగానే మనలో చాలామందికి తోచేది వార్ధక్యం. మోకాళ్లు అరిగి మెట్లెక్కలేని పెద్దలు ప్రతి ఇంటా కనిపిస్తారు కనుక ఆ భావన సహజమే. కాని ఈ వ్యాసంలో ప్రస్తావించబోయే కీళ్లవాతం అది కాదు. వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అని పిలిచే ఈ వ్యాధి తరచుగా 30 నుండి 50 ఏళ్ల నడిమి వయస్సులోనే తలయెత్తుతుంది. పురుషుల కంటే స్త్రీలను రెండు మూడు రెట్లు ఎక్కువగా బాధిస్తుంది. ముందుగా చేతివేళ్ల కణుపులు, మణికట్లు, కాలివేళ్ల మొదళ్లు రెండు వైపులా వాస్తాయి. తెల్లవారి లేచేసరికి పిడికిలి ముడవడానికి రాదు. ఆ బిగువు సడలడానికి గంటకు పైగా పడుతుంది. మాధవనిదానం ఆమవాతం అనే పేరుతో ఒక ప్రత్యేక అధ్యాయంలో వర్ణించిన లక్షణాలు చాలా వరకు దీనికి సరిపోతాయి. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అన్న పేరును ఆంగ్ల వైద్యుడు ఆల్ఫ్రెడ్ గ్యారడ్ 1859లో పెట్టాడు.

కువైత్ నగరానికి పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న జహ్రాలో ఈ వ్యాధిని గురించి తెలుగులో వ్రాయడానికి ఒక కారణం ఉన్నది. కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుండి ఈ దేశానికి వచ్చిన మనవారిలో అధిక సంఖ్యాకులు ఇండ్లలో వంట, శుభ్రత, పిల్లల పెంపకం చూసే స్త్రీలు, కఫీలు కారు నడిపే డ్రైవర్లు, మజ్రాలలో పనిచేసే కూలీలు. వీరందరికీ చేతులే జీవనాధారం. పాత్ర తోమలేని, స్టీరింగు పట్టలేని చేయి ఉద్యోగాన్ని, దానితోపాటు ఇకామాను కూడా సంశయంలో పడవేస్తుంది. అందువలన నొప్పిని దాచిపెట్టడం, బిళ్లలతో నెట్టుకురావడం ఇక్కడ మామూలు. ఏ కొద్దిమందికో ఖరీదైన సూదిమందు వరకు వైద్యం అందుతుంది. ఆ సూదికి కూడా వ్యాధి లొంగకపోతే, ఇక లోకంలో మందే లేదని నిరాశ పడతారు. ఆ నిరాశ అకారణమని, చాలా సందర్భాలలో ఓడినది సూది కాక దాని ప్రక్కన ఉండవలసిన తోడు లోపించడమే కారణమని చూపడం ఈ వ్యాస ఉద్దేశ్యం.

కంచె చేను మేసినట్లు

మన దేహంలోని రోగనిరోధక వ్యవస్థ బయటినుండి వచ్చే సూక్ష్మజీవులతో పోరాడడానికి ఏర్పడినది. కీళ్లవాతంలో ఆ వ్యవస్థే కంచె చేను మేసినట్లు కీలు లోపలి పలుచని పొరను పరాయిదిగా ఎంచి దాని మీద పడుతుంది. పొర వాచి, దళసరి అయి, క్రమంగా ప్రక్కనున్న మృదులాస్థిని, ఎముకను కొరుకుతుంది. ఈ దాడిలో కణాలు ఒకదానికొకటి పంపుకొనే రాయబారాలవంటి ప్రోటీనులు కొన్ని ఉన్నాయి. వాటిలో ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, సంక్షిప్తంగా టి.ఎన్.ఎఫ్., ముఖ్యమైనది. ఇంటర్‌ల్యూకిన్-6 మరొకటి. యాంటీబాడీలను తయారుచేసే బి-కణాలకు, వాటిని పురికొల్పే టి-కణాలకు కూడా ఇందులో పాలున్నది. రోగికీ రోగికీ ఈ పాత్రల ప్రాధాన్యం మారుతూ ఉంటుంది. ఒకరికి టి.ఎన్.ఎఫ్. ప్రధాన శత్రువైతే, మరొకరికి అది కేవలం తోకచుక్క. వ్యాధి పేరు ఒకటే అయినా ఒకరికి పనిచేసిన మందు వేరొకరికి పనిచేయకపోవడంలోని రహస్యం చాలా వరకు ఇక్కడే ఉన్నది.

ఎముక ఒకసారి కొరుకుడు పడిందంటే తిరిగి పూర్వరూపానికి రాదు. నొప్పి బిళ్లలు బాధను మరపిస్తాయే గాని ఈ కొరుకుడును ఆపలేవు. 1948లో అమెరికాలోని మాయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ తొలిసారిగా ఒక రోగికి కార్టిజోన్ ఇచ్చినపుడు మంచం దిగలేని మనిషి కొద్ది రోజులలోనే నడవగలగడం ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. 1950లో అతనికి, కెండల్, రైక్‌స్టయిన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. కాని ఎముకలు గుల్లబారడం, మధుమేహం, రక్తపోటు వంటి అనర్థాలు త్వరలోనే బయటపడ్డాయి. స్టెరాయిడ్లు నేటికీ అవసరమైన మందులే. అయితే వంతెన వంటివి. వాటి మీద కాపురం ఉండరాదు. ఊరినుండి తెప్పించుకొనే ‘వాతం పొడుల’ లో కొన్నిటికి వెంటనే గుణమిచ్చే మహత్తు ఎక్కడినుండి వస్తుందో కూడా పాఠకులు దీనిని బట్టి ఊహించవచ్చు.

భీమవరం బిడ్డ ఇచ్చిన ఆయుధం

కీళ్లవాతానికి ఈనాడు ప్రపంచమంతటా మూలస్తంభంగా నిలిచిన ఔషధం మెథోట్రెక్సేట్. దాని పుట్టుకలో ఒక తెలుగువాని హస్తం ఉన్నదన్న సంగతి మన సభలలో తరచుగా వినిపించినా, ఆ కథకు కీళ్లవాతంతో ఉన్న ముడి అంతగా ప్రచారంలోకి రాలేదు.

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములను స్ప్రూ అనే ఉష్ణమండలపు గ్రహణి వ్యాధి బలిగొన్నది. ఆయనా దాని బారిన పడి బయటపడ్డాడు. అమెరికా చేరి హార్వర్డులో పరిశోధనలు చేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరాడు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కణవిభజనకు, రక్తవృద్ధికి ఆవశ్యకమైన ఈ విటమిను స్ప్రూకు కూడా పనికివచ్చే మందు. అటుపిమ్మట ఆ బృందమే ఫోలిక్ ఆమ్లం అణువులో చిన్న మార్పులు చేసి, విటమిను రూపంలో కణంలో ప్రవేశించి దాని పనిని అడ్డగించే మారువేషగాళ్లను సృష్టించింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్, దాని సోదరుడు నేటి మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరుతో ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇవ్వగా 10 మందికి తాత్కాలికంగానైనా వ్యాధి తగ్గినట్లు 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు.

1951లో న్యూయార్క్ వైద్యుడు గుబ్నర్ అమినోప్టెరిన్ కీళ్లవాతం మీద కూడా పనిచేస్తున్నదని వ్రాశాడు. అది కార్టిజోన్ జయజయధ్వానాలు మిన్నుముట్టుతున్న కాలం. ఆ మాటను ఎవరూ చెవిని పెట్టలేదు. మరి మూడు దశాబ్దాలు గడిచిన తరువాత, 1985లో బోస్టన్‌లో వైన్‌బ్లాట్ బృందం 35 మంది రోగులతో జరిపిన నియంత్రిత పరీక్ష మెథోట్రెక్సేట్ గుణాన్ని నిర్ద్వంద్వంగా చూపింది. 1988లో అమెరికా ప్రభుత్వం కీళ్లవాతానికి దానిని అనుమతించింది. కేన్సరులో వాడే మోతాదులతో పోలిస్తే ఇక్కడి మోతాదు అత్యల్పం. సాధారణంగా వారానికి ఒక్కసారి, 7.5 నుండి 25 మిల్లీగ్రాముల వరకు మాత్రమే. ఈ స్వల్ప మోతాదులో అది కణాలను చంపదు. అడినోసిన్ అనే పదార్థం విడుదలను పెంచి, వాపుకు పాల్పడే కణాలను శాంతింపజేస్తుంది.

ఒక విశేషం. మెథోట్రెక్సేట్ వలన వచ్చే నోటిపూత, వికారం, కాలేయపు ఇబ్బందులను తగ్గించడానికి వైద్యులు దానితోపాటు ఫోలిక్ ఆమ్లం బిళ్లలు వ్రాస్తారు. ఒకే ప్రయోగశాలలో జనించిన మందు, దానికి విరుగుడు రెండూ నేడు లక్షలాది రోగుల మందుల డబ్బాలో ప్రక్కప్రక్కనే ఉంటున్నాయన్నమాట.

సూదికి తోడు ఎందుకు?

1980లలో లండన్‌లోని కెనడీ సంస్థలో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ అనే శాస్త్రజ్ఞులు వాచిన కీళ్లలో టి.ఎన్.ఎఫ్. అగ్రపాత్ర వహిస్తున్నదని గమనించారు. మైనీ పంజాబులో పుట్టినవాడు. దానిని బంధించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే యాంటీబాడీని 1992లో ఛేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో 20 మంది రోగులకు ఇచ్చి చూశారు. ఫలితం అద్భుతంగా కనబడింది. జీవకణాలలో తయారయ్యే ఇటువంటి ప్రోటీను మందులనే బయలాజిక్స్ అని, తెలుగులో జీవౌషధాలని అంటున్నాము. 1998లో ఎటనర్సెప్ట్, 1999లో ఇన్‌ఫ్లిక్సిమాబ్, 2002లో అడాలిముమాబ్ కీళ్లవాతానికి అమెరికాలో అనుమతి పొందాయి.

అయితే మొదటినుండీ ఒక చిక్కు ఉన్నది. బయటినుండి ఇచ్చిన ప్రోటీనును మన రోగనిరోధక వ్యవస్థ కొన్ని నెలలకు పరాయిదిగా గుర్తించి దాని మీదనే యాంటీబాడీలు తయారుచేస్తుంది. అప్పుడు మందు కీలు చేరకముందే రక్తంలోనే నిర్వీర్యమవుతుంది. 1998లో మైనీ బృందం ప్రకటించిన వివరాలు ఈ విషయంలో కళ్లు తెరిపించేవి. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను కిలో బరువుకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఒంటరిగా ఇచ్చినవారిలో 53 శాతానికి ఇట్టి యాంటీబాడీలు పుట్టాయి. అదే మోతాదుకు స్వల్పంగా మెథోట్రెక్సేట్ జోడించినవారిలో 15 శాతానికే పుట్టాయి. అంటే మెథోట్రెక్సేట్ రెండు పనులు చేస్తున్నది. తాను స్వయంగా వ్యాధితో పోరాడుతుంది. తోటి మందును శరీరం తిరస్కరించకుండా కాపాడుతుంది.

జోడింపు బలాన్ని సూటిగా తేల్చినది 2004లో వెలువడిన టెంపో అనే పరీక్ష. అందులో 682 మంది మూడు తెగలుగా మందులు పుచ్చుకున్నారు. ఏడాది గడిచేసరికి వ్యాధి పూర్తిగా అణగినవారు మెథోట్రెక్సేట్ ఒక్కటే తీసుకున్న తెగలో 13 శాతం, ఎటనర్సెప్ట్ ఒక్కటే తీసుకున్న తెగలో 16 శాతం, రెండూ కలిపి తీసుకున్న తెగలో 35 శాతం. సూది మొదలుపెట్టగానే “ఇక ఆ పాత బిళ్లలు దేనికి?” అని మెథోట్రెక్సేట్‌ను ఆపివేసే రోగులు ఈ మూడు అంకెలను ఒకసారి మననం చేసుకోవడం మంచిది. మందు వెలను బట్టి దాని మహిమను కొలిచే అలవాటు మనలో బాగా పాతుకొనిపోయింది. ఈ వ్యాధిలో అది ప్రత్యేకించి హాని చేస్తుంది.

ఓటమి నిజమేనా?

సూదిమందు పనిచేయలేదన్న నిర్ణయానికి రాకముందు అనుభవజ్ఞుడైన వైద్యుడు కొన్ని ప్రశ్నలు అడుగుతాడు. మందు సక్రమంగా అందిందా? బిళ్లలు నిజంగా వేసుకున్నారా? పొగ త్రాగుతున్నారా? ఇప్పుడున్న నొప్పి వాపు వలనదా, లేక పూర్వమే చెడిపోయిన కీలు వలనదా?

మొదటి ప్రశ్నకు జహ్రాలో ఒక ప్రత్యేకార్థం ఉన్నది. ఈ గవర్నరేటులోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. ప్రపంచంలో నమ్మకంగా కొలిచిన అత్యధిక ఉష్ణోగ్రతలలో అది ఒకటి. జీవౌషధాలను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కొన్నిటిని 25 డిగ్రీలకు మించకుండా 14 రోజుల వరకు బయట ఉంచవచ్చునని తయారీదారులు చెబుతారు. ఆగస్టు మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులోని వేడి ఎంతో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. ఉడికిన గుడ్డు తిరిగి పచ్చిగుడ్డు కానట్లే, వేడికి రూపం చెడిన ప్రోటీను ఫ్రిజ్‌లో పెట్టినంతమాత్రాన మందు కాదు. చూడడానికి ద్రవం స్వచ్ఛంగానే ఉండవచ్చు. గడ్డకట్టినా అంతే నష్టం. ఆసుపత్రినుండి ఇంటికి, ఇంటినుండి విమానంలో రాజంపేటకో రాజోలుకో తీసుకొనివెళ్లేటప్పుడు ఐసు సంచి లేని సూది మీద నింద మోపడం న్యాయం కాదు.

ఇవన్నీ సరిగా ఉండి కూడా వ్యాధి తగ్గకపోతే అది నిజమైన ఓటమి. అందులోనూ రెండు తరహాలున్నాయి. మొదటినుండీ ఏమాత్రం గుణం కనిపించకపోవడం ఒకటి. అటువంటి రోగికి టి.ఎన్.ఎఫ్. అసలు ప్రధాన శత్రువు కాకపోవచ్చు. మరొక మార్గాన్ని అడ్డగించే మందు వెదకాలి. ఆరునెలలో, ఏడాదో చక్కగా పనిచేసి క్రమంగా నీరసించడం రెండవది. ఇందులో యాంటీబాడీల మీద అనుమానం పోతుంది. అదే జాతికి చెందిన వేరొక మందు కూడా ఫలించవచ్చు. రోగి “సూది పనిచేయలేదు” అని ఊరుకోకుండా ఎన్నాళ్లు పనిచేసి ఆగిందో చెప్పగలిగితే వైద్యునికి సగం దారి కనిపిస్తుంది.

టి.ఎన్.ఎఫ్. నిరోధకాలకు లొంగని రోగులలో తరువాతి మెట్టు ఏమిటన్నదానికి గత 20 ఏళ్లలో చాలా ఆధారాలు సమకూడాయి. టి-కణాలను నిదానింపజేసే అబాటసెప్ట్‌తో 2005లో, బి-కణాలను తొలగించే రిటుక్సిమాబ్‌తో 2006లో, ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డగించే టోసిలిజుమాబ్‌తో 2008లో వెలువడిన పరీక్షలు చెప్పుకోదగినవి. మూడింటిలోనూ సుమారు సగంమందిలో వ్యాధి లక్షణాలు కనీసం 20 శాతం తగ్గాయి. ఉత్తుత్తి సూది పొందినవారిలో ఈ సంఖ్య 10 నుండి 20 శాతం మధ్యనే ఉన్నది. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, రిటుక్సిమాబ్, టోసిలిజుమాబ్ పరీక్షలలో ఇరుపక్షాల రోగులూ మెథోట్రెక్సేట్‌ను కొనసాగించారు. అబాటసెప్ట్ పరీక్షలో కూడా ఏదో ఒక పాత మందు తోడుగా ఉన్నది. అనగా ఓడిన సూదిని మార్చారు గాని పునాదిని పెకలించలేదు.

2016లో ఫ్రాన్స్‌లో 300 మందితో జరిగిన పరీక్ష మరొక అడుగు ముందుకు వేసింది. ఒక టి.ఎన్.ఎఫ్. నిరోధకం విఫలమైనవారికి అదే జాతి మందు మరొకటి ఇస్తే 24 వారాలకు 52 శాతానికి గుణం కనిపించగా, వేరే జాతి మందుకు మారినవారిలో 69 శాతానికి కనిపించింది. సూది కాకుండా బిళ్లరూపంలో ఉండే టోఫాసిటినిబ్, బారిసిటినిబ్, ఉపాడాసిటినిబ్ కూడా ఈ దశలో ఉపయోగపడుతున్నాయి. కణం లోపలి జానస్ కైనేజ్ అనే సంకేతవాహకాన్ని ఇవి అడ్డగిస్తాయి. అయితే హృద్రోగ ప్రమాదం ఉన్న 50 ఏళ్లు దాటినవారిలో టోఫాసిటినిబ్ వలన గుండెపోటు, కేన్సరు ముప్పు టి.ఎన్.ఎఫ్. నిరోధకాలకంటే అధికమని 4,362 మందిపై జరిగి 2022లో వెలువడిన పరీక్ష సూచించింది. పొగత్రాగే అలవాటున్నవారు ఈ సంగతి వైద్యునికి దాచరాదు. ఈ బిళ్లల వలన సర్పి కూడా తరచుగా వస్తుంది.

మెథోట్రెక్సేట్ బొత్తిగా సరిపడనివారి మాట ఏమిటి? వారికి లెఫ్లునొమైడ్ తోడుగా ఇవ్వవచ్చు. రిటుక్సిమాబ్‌కు ఈ జోడు బాగా నప్పుతున్నట్లు ఐరోపా రోగుల నమోదులు తెలుపుతున్నాయి. తోడు మందు ఏదీ కుదరకపోతే టోసిలిజుమాబ్ ఒంటరిగా కూడా బాగానే పనిచేస్తుందని, ఒంటరి అడాలిముమాబ్ కంటే మేలని 2013లో తేలింది.

రెండు సూదులు కలపరాదు

జోడింపు మంచిదైతే రెండు జీవౌషధాలనే కలిపితే మరింత మంచిది కాదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. శాస్త్రజ్ఞులకూ వచ్చింది. ఎటనర్సెప్ట్‌కు అనాకిన్రా అనే మరొక జీవౌషధాన్ని కలిపి 2004లో ఫలితాలు ప్రకటించారు. ఒక్క ఎటనర్సెప్ట్ కంటే అదనపు గుణం ఏమీ కలుగలేదు. తీవ్రమైన అంటురోగాలు మాత్రం పెరిగాయి. అబాటసెప్ట్‌ను ఎటనర్సెప్ట్‌తో కలిపినపుడు కూడా ఇదే అనుభవం. అప్పటినుండి కీళ్లవాతంలో రెండు జీవౌషధాలను, లేదా జీవౌషధంతోపాటు జానస్ కైనేజ్ బిళ్లను ఏకకాలంలో వాడరాదన్నది సాధారణ నియమమైంది. ఇంటికి రెండు తాళాలు మంచివే, కాపలాదార్లందరినీ ఒకేసారి నిద్రపుచ్చడం మంచిది కాదు. కువైత్‌లో ఒక ఆసుపత్రిలో సూది వేయించుకుంటూ, సెలవులో స్వదేశంలో మరొక వైద్యుని వద్ద వేరొక సూది మొదలుపెట్టేవారు ఈ ప్రమాదాన్ని కోరి తెచ్చుకుంటారు.

బీదవాని సర్దుబాటు కాదు

ఇప్పుడు సూది అందనివారి సంగతికి వద్దాము. 2012లో ప్రారంభమైన కువైత్ రుమాటిక్ వ్యాధుల రిజిస్ట్రీ ఇక్కడి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల కీళ్లవాత రోగుల వివరాలను క్రమబద్ధంగా నమోదు చేస్తున్నది. అందులోనుండి వెలువడిన ఒక పరిశీలన కువైత్ పౌరులకు జీవౌషధాలు సులభంగా అందుతుండగా ప్రవాసులలో వాటిని పొందేవారు చాలా తక్కువని, ప్రవాస రోగులలో వ్యాధి తీవ్రత కూడా ఎక్కువని నిర్మొహమాటంగా చెప్పింది. ఈ మాట పైకి చెప్పినవారు ఇక్కడి వైద్యులే కావడం అభినందనీయం. 2022 డిసెంబరులో ప్రవాసులకు ఆసుపత్రి బయటిరోగుల విభాగంలో మందులకు 10 దీనార్ల రుసుము విధించినపుడు నెలకు నూరు, నూట ఇరవై దీనార్లు సంపాదించే పనిమనిషికి అది ఎంత భారమో వివరించనక్కరలేదు.

ఇటువంటివారికి పాత మందుల త్రయం ఒకటి ఉన్నది. మెథోట్రెక్సేట్, సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్. సల్ఫాసలజీన్‌ను 1930లలో స్వీడన్‌కు చెందిన నానా స్వార్ట్జ్ అనే వైద్యురాలు ప్రత్యేకించి ఈ వ్యాధికోసమే రూపొందింపజేసింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ మలేరియా మందుల కుటుంబంలోనిది. మూడూ చవక. 1996లో అమెరికాలోని నెబ్రాస్కాకు చెందిన ఓడెల్ బృందం 102 మందిని రెండేళ్లు పరిశీలించింది. మూడు మందులు కలిపి తీసుకున్న 31 మందిలో 24 మందికి వ్యాధి సగానికి పైగా తగ్గి అలాగే నిలిచింది. మెథోట్రెక్సేట్ ఒక్కటే తీసుకున్న 36 మందిలో 12 మందికే ఆ భాగ్యం దక్కింది. మందుల దుష్ఫలితాలు మాత్రం మూడింతలు కాలేదు.

అదే ఓడెల్ 2013లో ఇంతకంటే సాహసోపేతమైన పోటీ పెట్టాడు. మెథోట్రెక్సేట్‌కు లొంగని 353 మందిలో సగంమందికి ఈ త్రయం, మిగిలినవారికి మెథోట్రెక్సేట్‌తో ఎటనర్సెప్ట్ సూది. 24 వారాలకు గుణం కనిపించనివారిని ఒక పక్షం నుండి రెండవ పక్షానికి మార్చారు. ఇరుపక్షాలలోనూ మారవలసివచ్చినవారు 27 శాతమే. 48 వారాలు ముగిసేసరికి త్రయంతో ప్రారంభించినవారు సూదితో ప్రారంభించినవారికి తీసిపోలేదు. మారినవారు కూడా ఎటు మారినా మెరుగుపడ్డారు. అంటే సూది ఫలించనివారిలో కొందరికి చవక త్రయం ఫలించింది. జహ్రాలోని ప్రవాసికి ఇంతకంటే ముఖ్యమైన వార్త ఈ శాస్త్రంలో మరొకటి లేదని నా అభిప్రాయం. అయితే త్రయానికి ఓపిక కావాలి. రోజుకు అరడజనుకు పైగా బిళ్లలు, పూర్తి గుణానికి మూడు నెలల నిరీక్షణ. మొదటి నెలలోనే “పనిచేయలేదు” అని వదిలిపెట్టేవారికి అది నిజంగానే పనిచేయదు.

మందు ఏదైనా, వైద్యుడు మాటిమాటికీ కొలిచి, లక్ష్యం చేరేవరకు సవరిస్తూ ఉండడం అన్నిటికంటే ముఖ్యం. గ్లాస్గోలో 110 మందితో జరిగి 2004లో వెలువడిన పరీక్షలో ఇరుపక్షాలకూ దొరికినవి అవే పాత మందులు. ప్రతి నెలా కీళ్లను లెక్కించి మందులు సవరించినవారిలో 65 శాతానికి వ్యాధి అణగింది. మామూలు పద్ధతిలో చూసినవారిలో 16 శాతానికే. తేడా మందులో లేదు, శ్రద్ధలో ఉన్నది.

ప్రాణాంతకమైన పొరపాట్లు

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మందు. దీనిని రోజూ వేసుకోవలసినదిగా భ్రమపడి ప్రాణాలు కోల్పోయినవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు. చీటీ అరబ్బీలోనో ఆంగ్లంలోనో ఉండి, చదివి చెప్పేవారు దగ్గర లేని చోట ఈ ప్రమాదం రెట్టింపు. ఫలానా వారం అని పేరు పెట్టి డబ్బా మీద తెలుగులో వ్రాయించుకోవాలి. సెలవురోజైన శుక్రవారాన్ని నియమంగా పెట్టుకుంటే మరచిపోవడానికి అవకాశం తక్కువ. రక్తకణాల లెక్క, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు వైద్యుడు చెప్పిన గడువుకు తప్పక చేయించుకోవాలి. జ్వరానికో మూత్రంలో మంటకో మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే సెప్ట్రాన్ బిళ్లలు మెథోట్రెక్సేట్‌తో కలిస్తే ఎముకమజ్జను దెబ్బతీయగలవు. మద్యం కువైత్‌లో నిషిద్ధం కనుక కాలేయానికి ఇక్కడ కొంత రక్షణ ఉన్నది. రెండు నెలల సెలవులో ఆ బాకీ అంతా తీర్చుకొనేవారితోనే చిక్కు. హైడ్రాక్సీక్లోరోక్విన్ దీర్ఘకాలం వాడేవారికి కంటి పరీక్ష అవసరం.

క్షయవ్యాధి విషయం మనవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. టి.ఎన్.ఎఫ్. దేహంలో నిద్రాణంగా ఉన్న క్షయ క్రిములను బంధించి ఉంచే గోడకు ఇటుకవంటిది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వచ్చిన కొద్ది కాలానికే, 2001 నాటికి, 70 మంది రోగులలో క్షయ బయటపడినట్లు ప్రకటించారు. “ఇకామా వైద్యపరీక్షలో నా ఎక్స్‌రే బాగున్నది కదా” అని కొందరు తర్కిస్తారు. నిద్రాణమైన క్షయ ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. సూది మొదలుపెట్టేముందు చర్మపరీక్షో రక్తపరీక్షో చేసి, అవసరమైతే కొన్ని నెలలు ముందుజాగ్రత్త మందులు వాడవలసి ఉంటుంది. రిటుక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్-బి పరీక్ష కూడా తప్పనిసరి.

గర్భం ధరించదలచిన స్త్రీలు మెథోట్రెక్సేట్, లెఫ్లునొమైడ్ ఆపవలసిందే. మెథోట్రెక్సేట్‌ను ముందుగా ఒకటి నుండి మూడు నెలలు ఆపుతారు. లెఫ్లునొమైడ్‌ను దేహం నుండి కడిగివేయడానికి వేరే మందు ఇస్తారు. భర్త ఊరిలో, భార్య ఇక్కడ ఉండి, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి సెలవుపై వెళ్లే సంసారాలలో ఈ సంగతి ముందే వైద్యునితో మాట్లాడుకోవాలి. సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భవతులకు సాధారణంగా కొనసాగించవచ్చు.

ఇక సెలవుల మాట. మనవారిలో వైద్యం తెగిపోయేది ఎక్కువగా అక్కడే. ఇక్కడి ఫైలు ఇక్కడే ఉంటుంది, అక్కడి వైద్యునికి ఏమీ తెలియదు. హైదరాబాదులోని నిమ్స్‌లో కీళ్లవాతానికి ప్రత్యేక విభాగమే ఉన్నది. డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో విడుదల చేసిన రిటుక్సిమాబ్ ప్రతిరూపం మొదలుకొని మన దేశంలో తయారయ్యే జీవౌషధాలు విదేశీ మూలాలకంటే చవకగా లభిస్తున్నాయి. కనుక స్వదేశంలో వైద్యం కొనసాగించడం అసాధ్యమేమీ కాదు. బయలుదేరేముందు ఇక్కడి వైద్యుని అడిగి ఒక కాగితం ఆంగ్లంలో వ్రాయించుకోవాలి. అందులో ఏయే మందులు ఏ తేదీన ఏ మోతాదులో మొదలయ్యాయో, ఏవి ఎప్పుడు ఏ కారణంవలన ఆగిపోయాయో, చివరి సూది ఏనాడు వేశారో, క్షయ, హెపటైటిస్ పరీక్షల ఫలితాలేమిటో ఉండాలి. దానిని పాస్‌పోర్టు, సివిల్ ఐడిలతో కలిపి ఒకే సంచిలో, మెథోట్రెక్సేట్, ఫోలిక్ ఆమ్లం బిళ్లలతోపాటు, చేతి సామానులోనే పెట్టుకోవాలి; లగేజీలో వేయరాదు.